కోసేముందు ఆకు తిప్పి చూడాలి

అమెరికాలోని సియాటిల్ చుట్టుపక్కల పార్కుల్లో కలుపు తీసే సేవకు మన తెలుగు పిల్లలు వెళ్తున్నారు. చాలా మంచి పని. కానీ "ముళ్ళున్న బ్లాక్‌బెర్రీ కనిపిస్తే నరికేయండి" అన్న ఒక్క మాటతో వాళ్ళ చేతికి కత్తెరలివ్వడం తప్పు. ఆ పొదల కిందే ఈ నేలలో పుట్టిన బ్లాక్‌బెర్రీ కూడా పాకుతూ ఉంటుంది.

రోడ్ల పక్కన గోడలా పెరిగేది హిమాలయన్ బ్లాక్‌బెర్రీ. నిజానికి అది ఆర్మేనియా, ఇరాన్ ప్రాంతాలది. 1885లో లూథర్ బర్బాంక్ అనే అమెరికన్ మొక్కల పెంపకందారు భారతదేశం నుంచి వచ్చిన విత్తనాలతో పెంచి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడది వాషింగ్టన్ రాష్ట్ర కలుపు మొక్కల జాబితాలో ఉంది, దాన్ని తీయాల్సిందే. దాని కాడ లావుగా, పలకలుగా ఉంటుంది. ముళ్ళు బలంగా, కొక్కేల్లా వంగి ఉంటాయి.

స్థానిక మొక్క నేల మీద పాకే సన్నని తీగ. కాడ గుండ్రంగా ఉంటుంది, దాని మీద నీలి తెలుపు పూత కనిపిస్తుంది. ముళ్ళు సన్నగా ఉంటాయి. ఆకు మారేడు దళంలా మూడుగా చీలి ఉంటుంది. అయితే ఆకుల లెక్క ఒక్కటే నమ్మకూడదు. హిమాలయన్ కొత్త కాడలకు సాధారణంగా అయిదేసి ఉన్నా, పూలు పూసే కొమ్మలకు మూడేసి కూడా వస్తాయి. అందుకే ఆకు తిప్పి చూడాలి: హిమాలయన్‌కు అడుగున బూడిద తెలుపు, స్థానిక తీగకు పచ్చదనమే. ఇంకో చిక్కుంది. బ్లాక్‌క్యాప్ అనే స్థానిక రాస్ప్‌బెర్రీ ఆకు అడుగు కూడా తెల్లనిదే. దాని కాడ మీద కూడా నీలి తెలుపు పూత ఉంటుంది. పండు కోస్తే లోపల బోలుగా వస్తుంది. కాబట్టి ఆకు, కాడ, ముల్లు మూడూ చూశాకే కత్తెర తీయాలి.

స్థానిక తీగలో ఆడ, మగ మొక్కలు వేరు. పూసినా కాయని తీగను పనికిరానిదని పీకేస్తే పక్కనున్న ఆడ తీగకు పుప్పొడి అందదు. ఆ చిన్న పండ్ల సువాసన బజారులో దొరికే పెద్ద పండ్లకు రాదు. మారియన్‌బెర్రీ, లోగన్‌బెర్రీ అనే సంకర రకాల వంశంలోనూ ఈ తీగే ఉంది. ఈ ప్రాంతపు ఆదివాసులైన సేలిష్ తెగల వారు తరతరాలుగా ఈ పండ్లు తింటున్నారు. మన తొందరపాటుతో ఈ తీగ పోకూడదు.

మన సంఘం సేవా కార్యక్రమాలు పెట్టేటప్పుడు మొదటి అరగంట గుర్తుపట్టడం నేర్పడానికే కేటాయించాలి. స్థానిక తీగలకు ముందే రంగు రిబ్బన్లు కట్టించాలి. అనుమానం వచ్చిన మొక్కను పార్కు సిబ్బందికి చూపించేదాకా ముట్టుకోకూడదు. పండ్లు కోసుకునే కుటుంబాలు ఆ చోట కలుపు మందు చల్లారేమో ముందే అడిగి తెలుసుకోవాలి.