అరెస్టు ‘చూపించారు’ సరే, చేసింది ఎప్పుడు?

తెలుగు పత్రికల నేర వార్తల్లో రెండు మాటలు తరచూ కనిపిస్తాయి. సోమవారం వార్తలో నిందితుణ్ని పోలీసులు ‘అదుపులోకి తీసుకున్నారు’. గురువారం వార్తలో అతని అరెస్టు ‘చూపించారు’. నడుమ ఉన్న మూడు రోజులూ ఆ మనిషి ఎక్కడున్నాడు, ఏ చట్టం కింద ఉన్నాడు అని విలేకరి రాయడు, పాఠకుడూ అడగడు. చేయడం వేరు, చూపించడం వేరు అని మన భాషే ఒప్పుకుని సర్దుకుపోయింది.

చట్టం మాత్రం ఒప్పుకోలేదు. అరెస్టుకూ స్వేచ్ఛకూ మధ్య ‘అదుపు’ అనే మూడో స్థితి ఏదీ అందులో లేదు. అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22(2) అధికరణం చెబుతోంది. ప్రయాణానికి పట్టే సమయాన్ని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. 2024 జులై 1న పాత నేర విచారణ స్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 58వ సెక్షన్‌లోనూ ఇదే నియమం ఉంది. ఆ సెక్షన్‌ను ఓపిగ్గా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. పరిస్థితులను బట్టి సమంజసమైనంత సేపే నిర్బంధంలో ఉంచాలి, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే అది 24 గంటలు దాటరాదు. అంటే 24 గంటలు గరిష్ఠ హద్దు. మన స్టేషన్లలో అది జన్మహక్కుగా మారింది. ‘ఇరవై నాలుగు గంటలు మా చేతిలో ఉంటాడు’ అని ధీమాగా చెప్పే అధికారులకు కొదవలేదు.

మరి ఆ 24 గంటల లెక్క ఎప్పుడు మొదలవుతుంది? అరెస్టు మెమోలో రాసిన సమయం నుంచి కాదు, మనిషిని పట్టుకుని అతని కదలికలకు అడ్డుకట్ట వేసిన క్షణం నుంచి లెక్కించాలని తెలంగాణ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం 2024లో స్పష్టం చేసింది. ఈ ఒక్క మాటను గట్టిగా అమలు చేస్తే ‘చూపించడం’ అనే తంతుకు చోటే ఉండదు. కానీ తీర్పు చెప్పేది హైకోర్టు, అమలు కావలసింది మండల కేంద్రంలోని మేజిస్ట్రేటు బల్ల దగ్గర. చిక్కంతా అక్కడే ఉంది.

అరెస్టుల దుర్వినియోగం గురించి మాట్లాడినప్పుడల్లా వేలు పోలీసుల వైపే చూపిస్తాం. తప్పు వారిది కాదని నేననను. అయితే పోలీసు తన పని తాను చేసుకుపోతాడు, అతనికి పైనుంచి ఒత్తిడి ఉంటుంది, బయట జనం కేకలుంటాయి, ‘ఇంకా పట్టుకోలేదా’ అనే టీవీ చర్చలుంటాయి. అందుకే చట్టం అతని మీద నమ్మకం పెట్టుకోలేదు. కాపలాదారుగా మేజిస్ట్రేటును నిలబెట్టింది. అరెస్టు సమాచారాన్ని బంధువులకో మిత్రులకో చెప్పారా లేదా అన్నది తానే నిర్ధారించుకోవడం మేజిస్ట్రేటు ‘విధి’ అని సంహిత 48వ సెక్షన్‌లో అచ్చంగా రాసి ఉంది. 187వ సెక్షన్ కింద రిమాండ్ కోరేటప్పుడు కేసు డైరీ నకలు ఆయన ముందుకు రావాలి. పోలీసు కస్టడీ కోరితే నిందితుణ్ని స్వయంగా తెచ్చి నిలబెట్టాలి, తెర మీద చూపిస్తే కుదరదు. ఇన్ని ఏర్పాట్లు ఎందుకు? సంతకం పెట్టే ముందు ఆ మనిషి ముఖం చూసి నాలుగు మాటలు అడుగుతారని.

2014 జులైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే కుండబద్దలు కొట్టింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు చెక్‌లిస్టులో కారణాలతో నింపి సమర్పించాలి, మేజిస్ట్రేటు దాన్ని పరిశీలించి తన సంతృప్తిని నమోదు చేశాకే రిమాండ్‌కు అనుమతించాలి. తీర్పులో చాలామంది మరిచిపోయే భాగం ఇంకొకటుంది. పాటించని పోలీసుకు శాఖాపరమైన చర్య, కోర్టు ధిక్కారం రెండూ తప్పవంది. కారణాలు రాయకుండా రిమాండ్ ఇచ్చే మేజిస్ట్రేటు మీద కూడా హైకోర్టు శాఖాపరమైన చర్య తీసుకోవచ్చంది.

పోలీసుల విషయంలో దీనికి కొంత పదును వచ్చింది. అరెస్టుకు బదులు నోటీసు ఇచ్చి పిలవాలనే పాత స్మృతిలోని 41ఎ నిబంధనను, అర్నేష్ కుమార్ తీర్పును ఉల్లంఘించారంటూ 2022 జూన్‌లో తెలంగాణ హైకోర్టు నలుగురు పోలీసు అధికారులకు నాలుగు వారాల జైలు శిక్ష వేసింది, అప్పీలుకు వీలుగా దాని అమలును ఆపింది. మేజిస్ట్రేట్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జులైలో ఒక సర్క్యులర్ ఇవ్వవలసి వచ్చింది. సామాజిక మాధ్యమాల పోస్టులకు సంబంధించిన కేసుల్లో రిమాండ్ ఇచ్చే ముందు అర్నేష్ కుమార్ తీర్పు పాటించారో లేదో చూడాలని, అతిక్రమిస్తే ధిక్కారంతో పాటు శాఖాపరమైన విచారణ ఉంటుందని హెచ్చరించింది. పదకొండేళ్ల నాటి తీర్పును సర్క్యులర్‌తో గుర్తు చేయవలసి రావడమే దాని అమలు ఎలా ఉందో చెబుతోంది.

41ఎ సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఆ సెక్షన్ ఇప్పుడు కొత్త సంహితలో 35(3) అయింది. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ‘స్టేషన్ బెయిల్’. నిజానికి అది బెయిల్ కాదు. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పిలిచే నోటీసు. అయినా ‘స్టేషన్ బెయిల్ ఇప్పిస్తాను’ అంటూ మధ్యవర్తులు పుట్టుకొచ్చారంటే, హక్కుగా రావలసింది అంగట్లో సరుకయిందని అర్థం. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చింది. హాజరు కాకపోతే అరెస్టు చేసే వీలున్న నోటీసు కదా, ఫోనులో చూసుకోలేదని ఒకరి స్వేచ్ఛ పోకూడదు.

అరెస్టుకు కారణాలు చెప్పడం విషయంలో సుప్రీంకోర్టు ఈ మధ్య వేసిన అడుగులు మాత్రం గట్టివి. 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ కేసులో మనీ లాండరింగ్ అరెస్టులకు, 2024 మేలో ప్రబీర్ పురకాయస్థ కేసులో ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద చేసే అరెస్టులకు కారణాలను రాతపూర్వకంగా ఇచ్చి తీరాలంది. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో దీన్ని అన్ని నేరాలకూ విస్తరించింది. కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అక్కడికక్కడ రాసివ్వలేని పరిస్థితి ఉంటే ముందు నోటితో చెప్పి, రిమాండ్ కోసం హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. లేదంటే అరెస్టూ రిమాండూ రెండూ చెల్లవు.

‘అర్థమయ్యే భాష’ అన్న చోట కాస్త ఆగాలి. చాలా ఠాణాల్లో రిమాండ్ రిపోర్టు కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు మారతాయి, ‘సాక్షులను బెదిరించే అవకాశం ఉంది’, ‘పారిపోయే అవకాశం ఉంది’ అన్న వాక్యాలు ఉన్నచోటే ఉంటాయి. అరకులో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడే ఇళ్ల నుంచి, ఆదిలాబాద్‌లో గోండి, కొలామి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినవాడికి ఇంగ్లీషు సరే, న్యాయస్థానపు తెలుగు కూడా పరాయిదే. అతని వేలిముద్ర కింద ‘కారణాలు చదివి వినిపించడమైనది’ అని రాస్తే సరిపోతుందా? ఏ భాషలో వినిపించారని మేజిస్ట్రేటు ఒక్క ప్రశ్న వేస్తే ఆ వాక్యం నిలబడుతుందో లేదో తేలిపోతుంది.

మేజిస్ట్రేటు వైపు వాదన లేకపోలేదు. పగలంతా విచారణలు, రాత్రి పదింటికి ఇంటి గుమ్మం ముందు పోలీసు జీపు, చేతిలో వందల పేజీల కట్ట. రిమాండ్ నిరాకరిస్తే మర్నాడు ‘నిందితుడికి కొమ్ము కాశారు’ అన్న మాట పడాలి. రిమాండ్ ఇస్తే ఎవరూ ఏమీ అనరు, బెయిల్ సంగతి పై కోర్టు చూసుకుంటుంది. ఇలా భద్రమైన దారి ఎటువైపు ఉందో అటే ఎక్కువమంది నడుస్తారు. ఆ రాత్రి పద్నాలుగు రోజుల రిమాండ్ రాసిన కలానికి తర్వాత జరిగేది కనిపించదు. దినకూలికి పని పోతుంది, ఇంట్లోవాళ్లు వకీలు ఫీజుకు పుస్తెలతాడు తాకట్టు పెడతారు. చివరికి కేసు కొట్టేసినా ఆ రోజులు తిరిగి రావు.

కొత్త సంహిత ఈ బరువును ఇంకా పెంచింది. పాత చట్టంలో పోలీసు కస్టడీ మొదటి పదిహేను రోజుల్లోనే కోరాలి. ఇప్పుడు ఆ పదిహేను రోజులను ముక్కలుగా చేసి, నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగవచ్చు. దీనికి పీటీ వారెంట్లు (ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో హాజరుపరచమనే కోర్టు ఉత్తర్వులు) తోడైతే ఒక కేసులో బెయిల్ వచ్చేలోగా ఇంకో కేసులో కస్టడీ సిద్ధంగా ఉంటుంది. ఇలాంటప్పుడు ఒక్కో కస్టడీ పిటిషన్ మీద ‘ఇప్పుడే ఎందుకు, ఇన్ని రోజులు ఎందుకు’ అని అడిగే మేజిస్ట్రేటే నిందితుడికి దిక్కు.

అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, సాధనాలు ఉన్నాయి. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో స్థానికుడో సాక్షి సంతకం ఉండాలి. ఠాణాలో ఏ రోజు ఏం జరిగిందో నమోదు చేసే జనరల్ డైరీ ఉంటుంది. అరెస్టయిన వెంటనే చేసే వైద్య పరీక్ష నివేదిక ఉంటుంది. ఠాణాల్లో సీసీ కెమెరాల దృశ్యాలను పద్దెనిమిది నెలలు భద్రపరచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మెమోలో గురువారం ఉదయం అని ఉండి, కుటుంబం సోమవారం సాయంత్రమే తీసుకెళ్లారని చెబితే, ఆ మూడు రోజుల దృశ్యాలు తెప్పించమనడానికి ఒక్క ఉత్తర్వు చాలు. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసిన మర్నాడే అరెస్టు ‘చూపించే’ కేసుల్లో అయితే అనుమానించడానికి ఇంకో ఆధారం వెతకనవసరం లేదు.

అన్నిటికంటే ముందు, పోలీసులను నాలుగడుగులు వెనక్కి నిలబెట్టి, ఎదుట ఉన్న మనిషిని అతని భాషలోనే ‘నిన్ను ఎప్పుడు తీసుకొచ్చారు?’ అని అడిగి, అతను చెప్పిన రోజునూ సమయాన్నీ రిమాండ్ ఉత్తర్వు మొదటి వరుసలోనే రాయవచ్చు. దానికి రెండు నిమిషాలు పడుతుంది.