డీన్ గారి బయోడేటాకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ విద్యార్థి వ్యవహారాల నూతన డీన్ గారి బయోడేటా గారికి,

నమస్కారాలు. మీరు నన్ను గుర్తుపట్టే ఉంటారు. మొన్న మంగళవారం పొద్దున 11 నుంచి మూడున్నర దాకా మీ ఎదుట చెక్కబల్ల మీద కూర్చున్నది నేనే. డీన్ గారి గదికి తాళం ఉంది. పక్కన గోడకు ఫ్లెక్సీ రూపంలో మీరు ఉన్నారు. పనివేళల్లో ఆ ఆఫీసులో ఉన్నచోటు నుంచి కదలకుండా ఉండేది మీరొక్కరే కాబట్టి ఈ లేఖ మీకే రాసుకుంటున్నాను.

నాలుగున్నర గంటల్లో మిమ్మల్ని పదకొండు సార్లు చదివాను. నా సిలబస్‌నే అన్నిసార్లు చదివి ఉంటే ఈపాటికి నా పేరు మీదా ఒక ఫ్లెక్సీ వెలిసేది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు మీద పీహెచ్‌డీ. 72 పరిశోధన పత్రాలు, నాలుగు దేశాల్లో సదస్సులు, రెండు ఉత్తమ అధ్యాపక పురస్కారాలు. కింద శాలువా, పూలగుత్తి, చిరునవ్వు. ఇంత మీలో ‘విద్యార్థి’ అన్న మాట ఒక్కచోటే దొరికింది. అది పదవి పేరులో.

మీ వెనక ఎవరున్నారో మీకు తెలియదేమో, చెబుతాను. మీ ఎడమ అంచున మేకు ఊడింది. ఫ్యాను తిరిగినప్పుడల్లా మీరు కాస్త పైకి లేస్తారు. అప్పుడు మీ కింద పాత డీన్ గారి కళ్లజోడు సగం, ఆయన భౌతికశాస్త్రం సగం కనిపిస్తాయి. ఆయన కింద ఇంకెవరిదో పసుపు అంచు. ఏడాదిన్నరలో ముగ్గురు! గోడ ఒకటే, మేకులు అవే.

ఇక నా ఫారం సంగతి. కాలేజీకి నేను బాకీ లేనని తేల్చే నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ, ల్యాబ్, క్రీడా విభాగం, మెస్, వార్డెన్, అయిదు సంతకాలు కావాలి. ఆరోది డీన్ గారిది. ఆరూ నాకు దొరికాయి. పాత డీన్ గారు ఆకుపచ్చ సిరాతో చేశారు, ముద్ర కూడా వంకర లేకుండా పడింది. ఆ కాగితం పట్టుకుని అకౌంట్స్ విభాగానికి వెళ్లాను. అక్కడ భోజన విరామం. మర్నాడు రెండో శనివారం. సోమవారం వెళ్లేసరికి ఆయన డీన్ కారు. ‘‘సంతకం బాగానే ఉంది బాబూ, చేసిన మనిషే ఇప్పుడు లేరు’’ అన్నారు గుమస్తా గారు, పరామర్శకు వచ్చినంత జాలిగా. ఆ మనిషికి ఏమీ కాలేదండీ. పక్క భవనం రెండో అంతస్తులో నిక్షేపంగా పాఠం చెప్పుకుంటున్నారు. సంతకానికే ప్రాణం పోయింది.

సరే, కొత్త డీన్ గారి సంతకం పెట్టించుకుంటానన్నాను. కుదరదట. కొత్త డీన్ గారికి కొత్త ఫారం. కొత్త ఫారం మీద పాత అయిదూ మళ్లీ కొత్తగా. మూడు నెలల కిందట నాకు బాకీ లేదని రాసిచ్చిన లైబ్రరీ మళ్లీ రిజిస్టరు తిరగేసింది. గది ఖాళీ చేసి, మంచం, కుర్చీ అప్పజెప్పి, ఊరికి వెళ్లిపోయిన వాణ్ని, ఈ మూడు నెలల్లో ఏ పుస్తకం ఎత్తుకుపోయి ఉంటానని! క్రీడా విభాగంలో నేను ఎన్నడూ ఒక్క బంతి తీసుకోలేదు. తీసుకోని బంతిని తిరిగి ఇచ్చినట్టు రెండోసారి రుజువు చేసుకున్నాను.

ఇదంతా 3,000 రూపాయల కాషన్ డిపాజిట్, అంటే బాకీలేవీ లేకపోతే తిరిగి ఇచ్చే హామీ సొమ్ము, కోసం. అందులో సగానికి పైగా బస్సు చార్జీలకే పోయింది. పోతే పోయిందని వదిలేద్దామంటే, నో డ్యూస్ లేనిదే ఒరిజినల్ డిగ్రీ ఇవ్వరు.

మీ చదువును తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో మొదటి ఉపకులపతిగా వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి గారు కవి, విమర్శకుడు. 1931లో ఆ కుర్చీలోకి వచ్చిన రాధాకృష్ణన్ గారు తత్వవేత్త. పండితుడికి పాలన చేతకాదని అనేంత తెలివితక్కువవాణ్ని కాను. అయితే 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధనల పట్టికలో అధ్యాపకుల పనిని లెక్కగట్టే చోట డీన్, వార్డెన్ లాంటి బాధ్యతలకూ ఒక వరుస ఉంది. అది చదివాక నాకు జ్ఞానోదయమైంది. డీన్ పదవికి బయోడేటా కావాలనుకున్నాను ఇన్నాళ్లూ. బయోడేటాకే డీన్ పదవి కావాలి. రేపు ఇంకో గోడ మీద, ఇంకో పెద్ద పదవి పేరు కింద, ‘విద్యార్థి వ్యవహారాల డీన్‌గా విశిష్ట సేవలు’ అని మీలో ఒక వరుస పెరుగుతుంది. ఆ విశిష్ట సేవలో నా నాలుగున్నర గంటలు కూడా ఉన్నాయని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో వేయించగలరా?

విద్యార్థుల ఫిర్యాదుల కోసం యూజీసీ 2023లో వేరే నిబంధనలు తెచ్చింది. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలట. ‘ఆ ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి అన్నా?’ అని అటెండర్ గారిని అడిగాను. ఆయన గుడ్డతో మీ మీది దుమ్ము తుడుస్తూ, తాళం వేసిన తలుపు వైపే గడ్డం చూపించారు.

మర్యాద చాలు. సిగ్గుగా లేదా మీకు? మూడున్నరకు ‘సార్ ఈరోజు రారు’ అని చెప్పారు. అది పదకొండింటికే తెలుసు వాళ్లకు! అడిగితే ‘వస్తారేమోనని కూర్చోనిచ్చాం’ అన్నారు. మధ్యాహ్నం బస్సు పోయింది. రాత్రంతా బస్టాండులో దోమలతో గడిపాను. ఎవరికి చెప్పుకోవాలి? ఆకు మీద మచ్చ పడితే భూతద్దం పెట్టి చూసే కన్నుకు గడప ముందు కూర్చున్న మనిషి కనబడడా?

బస్టాండు నుంచి మా నాన్నకు ఫోన్ చేసి ఇదంతా వెళ్లగక్కాను. అనంతపురం జిల్లాలో మాది వేరుశనగ చేను. ఆయన డిపాజిట్ గురించి ఒక్క ముక్క అడగలేదు. ‘‘తిక్క తెగులు మీద చదివారా ఆయన? నిజంగానా?’’ అన్నారు. ‘‘మన చేలో కింది ఆకులకు మచ్చ పడిందిరా, చుట్టూ పసుపు పచ్చగా. మందు కొట్టినా ఆకు రాలుతోంది. ఈసారి వెళ్లినప్పుడు ఒక మాట అడిగి రా. అంత చదివినాయన దొరకడం మాటలు కాదు.’’

కాబట్టి వచ్చే మంగళవారం మళ్లీ వస్తున్నాను. కొత్త ఫారంతో పాటు పాత న్యూస్‌పేపర్లో చుట్టి నాలుగు మచ్చల ఆకులు కూడా తెస్తాను. మీ డీన్ గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఫారం కోసం తలుపు తీయకపోయినా, ఆకుల కోసమైనా తీస్తారేమో.

ఇట్లు,
చెక్కబల్ల మీద, కిటికీ వైపు నుంచి రెండోవాడు