ముగ్గురిలో పది శాతం

నూరుమందికి తక్కువ ఉన్నచోట శాతాలు వాడరాదని ఒక చట్టం తేవాలని ప్రభుత్వానికి నా మనవి. నూరు మరీ ఎక్కువనుకుంటే పదిమందికైనా సరే, బేరానికి సిద్ధంగా ఉన్నాను.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ప్రాథమికోన్నత పాఠశాల ఉంది. ఉపాధ్యాయుల భాషలో యూపీ స్కూలు. ఏడో తరగతిలో ముగ్గురున్నారు: ఒక అబ్బాయి, ఇద్దరు అమ్మాయిలు. వాళ్లు ఎవరి పిల్లలో, ఉదయం ఏం తిని వచ్చారో ఊరంతటికీ తెలుసు. సమీక్షా సమావేశంలో మాత్రం వాళ్లకు పేర్లుండవు, దశాంశ స్థానాలుంటాయి.

అక్కడి మాస్టారు చెప్పిన సంగతి ఇది. తెర మీద ఎర్రటి గడి వెలిగింది. ఏడో తరగతి, డి గ్రేడ్, 33.33 శాతం.

"మూడో వంతు తరగతి వెనకబడిపోతుంటే మీరేం చేస్తున్నారు మాస్టారూ?"

"ఒక్క అమ్మాయి సార్."

"ఒక్కరేనని తేలిగ్గా తీసుకోకండి. మూడో వంతు! మార్చికల్లా ఇది పది శాతానికి దిగాలి."

మాస్టారు లెక్కల మనిషి. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతికి ఒకరికి తక్కువ కాకుండా ఉపాధ్యాయులుండాలని, లెక్కలు-సైన్సుకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ ముగ్గురూ ఈయనే కాబట్టి చట్టం అమలైనట్టే. పూర్తికాలం ప్రధానోపాధ్యాయుడు కావాలంటే పిల్లలు నూరు దాటాలి. అందుకని ఆ కుర్చీలోనూ ఈయనే.

ఇంటికి వచ్చి కాగితం తీసి లెక్క వేశారు. ముగ్గురిలో పది శాతమంటే 0.3 పిల్ల. ఆ అమ్మాయిలో ఏడు పాళ్లు గట్టెక్కితే చాలు, మూడు పాళ్లు డి గ్రేడ్‌లో ఉన్నా అధికారులకు అభ్యంతరం లేదన్నమాట. ఏ మూడు పాళ్లను వదిలేయాలి? తల గట్టెక్కాలి, తెలివైన తల. కళ్లు వాచకాన్ని తడుముకోకుండా చదువుతాయి, వాటికీ ఢోకా లేదు. కాళ్లు వానలోనూ బడికి వచ్చినవి, వాటికి ఎ గ్రేడ్ ఇవ్వకపోతే పాపం. ఇక మిగిలింది చేతులు. పరీక్ష రాయాల్సినవి అవే, రాయనివీ అవే. సంక్రాంతి దాటాక అవి గుంటూరు వైపు ఏదో మిరపచేలో ఉంటాయి.

మరో గడి ఉంది. బాలుర ఉత్తీర్ణత 100 శాతం, బాలికలది 50. ఇంత అంతరం చూసి సభ నివ్వెరపోయింది. బాలికా విద్యపై కార్యాచరణ ప్రణాళిక రాసి పంపమన్నారు. మాస్టారు నాలుగు పేజీలు రాశారు. రాస్తున్నంతసేపూ ఆయనకు ఒకటే భయం: ఆ ఊరి మగజాతి విద్యా ప్రమాణమంతా ఒక్క బాలుడి మీద నిలబడింది, పరీక్షనాడు వాడికి జలుబు చేస్తే బాలుర విద్యపైనా మరో నాలుగు పేజీలు.

ఈలోగా సంస్కరణలు జరుగుతూనే ఉన్నాయి. 2022లో జీవో 117 వచ్చి బడులను ఆరు రకాలు చేసింది. 2025లో దాన్ని రద్దు చేసి తొమ్మిది రకాలు చేశారు. రకాలకు లోటు లేదు.

పిల్లల కూర్పు పట్టికకు వద్దాం. దేశంలోని బడుల వివరాలన్నీ నమోదు చేసే యూడైస్‌లో బడికి పదకొండు అంకెల కోడ్ ఉంటుంది. పిల్లలను ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ అంటూ విడదీసి నింపాలి. ఈ బడికి జనరల్ గడిలో సున్నా. 33.33 చూసి ఉలిక్కిపడిన సభ ఆ సున్నా చూసి రెప్ప కూడా వేయలేదు. ఊళ్లో ఆ కులాలవాళ్లు లేకనా? ఉదయం ఏడున్నరకు రచ్చబండ దగ్గర నిలబడితే తెలుస్తుంది. పసుపు బస్సు వస్తుంది, ఫీజు కట్టగలిగిన ఇళ్లన్నీ అందులో ఎక్కుతాయి. కట్టగలిగితే బీసీ ఇల్లూ ఎక్కుతుంది, ఎస్సీ ఇల్లూ ఎక్కుతుంది. ఎక్కలేనివాళ్లు బడిలో మిగులుతారు. ఊరంతా కలిసి జల్లెడ పట్టి, కింద మిగిలినదాన్ని తూకం వేసి, బరువు తగ్గిందని మాస్టారును నిలదీస్తుంది! నా పిల్లలూ అలాంటి బస్సు ఎక్కి చదువుకున్నవాళ్లే. ఆ సున్నాలో నా వాటా ఉంది. కానీ దాన్ని ఎర్రరంగులో చూపించే తెర ఇంతవరకు ఏ సమావేశంలోనూ వెలగలేదు. ఆ అమ్మాయి వెనకబడిందట! ఎవరికి వెనక? అమ్మానాన్నలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, పోతే వెంట పోయి, పగలు తమ్ముడిని ఎత్తుకుని, వాడు నిద్రపోయాక కాయ కోసే పన్నెండేళ్ల పిల్లను డి అనే అక్షరంతో కొలవడానికి సిగ్గుండాలి. వలస పిల్లలకు సీజనల్ హాస్టల్ ఉంది కదా అంటారు. ఉంది. అందులో ఆమెకు చోటుంటుంది. చంకలో తమ్ముడికి?

సమస్య పరిష్కారమైంది లెండి. ఈసారి ఆ కుటుంబం తిరిగి రాలేదు. అమ్మాయి పేరు ఏ బడిలోనూ లేని పిల్లల పేర్లు పడే డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్లింది. ఇది నేను పెట్టిన పేరు కాదు, కంప్యూటర్‌లో ఆ డబ్బాను అలాగే పిలుస్తారు. తరగతిలో ఇద్దరు మిగిలారు, ఇద్దరూ పాసయ్యారు. పది శాతం లక్ష్యమైతే సున్నా సాధించారు. బాలురు 100, బాలికలు 100. గడి ఆకుపచ్చగా మారింది. తర్వాతి సమావేశంలో మాస్టారును లేచి నిలబడమని చెప్పి చప్పట్లు కొట్టారు.

ఆ రోజు టిఫిన్ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బజ్జీలో కారం కాస్త ఎక్కువైందని ఒకరిద్దరు అన్నారట.