ముంజేతి గడియారానికి ఒక విన్నపం

మహారాజశ్రీ ముంజేతి గడియారం గారికి,

ఆండ్రూ నికోల్ 2011లో తీసిన ‘ఇన్ టైమ్’ చిత్రంలో తమరి దర్శనం చేసుకున్నాను. 25 ఏళ్లు నిండగానే మనిషికి వయసు ఆగిపోవడమూ, అదే క్షణాన తమరు చర్మం కింద ఆకుపచ్చగా వెలిగి, ఒక్క ఏడాది ఆయుష్షును చేతిలో పెట్టి, ఆపైన సంపాదించుకుంటే బతుకు, లేకుంటే ఉన్నచోటే కూలిపొమ్మని తేల్చిచెప్పడమూ చూశాక, ఇంత నిక్కచ్చి గుమాస్తా మరొకరు ఉండరనిపించింది. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్న మా సామెత తమరి కోసమే పుట్టి ఉంటుంది.

మా పెద్దలు వట్టి అమాయకులు. ‘ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధిరస్తు’ అని అక్షింతలు వేసేటప్పుడు, ఆయుష్షు వేరు, ఐశ్వర్యం వేరు అనుకుని దేన్ని దానికే కోరారు. తమరు రెండింటినీ ఒకే ఖాతాలో కలిపేశారు; తమరి రాజ్యంలో ఆయుష్షే డబ్బు. ‘నూరేళ్లు నిండాయి’ అంటే మాకు చావుకబురు. ఆ సినిమాలో ధనికులుండే న్యూ గ్రీనిచ్ పేకాట బల్ల మీద అది చిల్లర. పేదలుండే డేటన్ కార్మికుడికి రేపటి దాకా నూకలున్నాయో లేవో తెలియదు కనుక పరుగెత్తుతాడు. న్యూ గ్రీనిచ్ వాసికి తొందరే లేదు కనుక తీరిగ్గా నడుస్తాడు. అందుకే విల్ సాలస్ అనే డేటన్ కుర్రవాడు ఎవరో ఇచ్చిపోయిన శతాబ్దంతో అక్కడికి చేరినా, గబగబా తినే తీరు చూసి బయటివాడని ఇట్టే పసిగట్టారు. ఖాతా మారినంత సులువుగా నడక మారదు కదా!

అయితే ఒక్క సందేహం. నిన్న 3 నిమిషాలకు వచ్చిన కాఫీ ఇవాళ 4 నిమిషాలైంది. ఎంత మిగిలిందో సెకన్లతో సహా చూపే తమరికి, ధర ఎవరు పెంచారో చూపడానికి మరొక్క గడి పెట్టుకునే చోటు లేకపోయిందా? (రెండో సగంలో బ్యాంకు దోపిడీలూ కార్ల వెంబడింపులూ మొదలయ్యాక దర్శకుడు కూడా ఈ ప్రశ్నను గాలికి వదిలేశాడు.)

విల్ తల్లి రేచల్ సంగతే చూడండి. ఆ వేషం వేసిన ఒలీవియా వైల్డ్, కొడుకు వేషం వేసిన జస్టిన్ టింబర్లేక్ కన్నా మూడేళ్లు చిన్నది. తమరి రాజ్యంలో అది వింత కాదు. ఆమె అప్పు కట్టేసి బస్సెక్కింది. చేతిలో గంటన్నర ఉంది. నిన్నటి దాకా గంటగా ఉన్న ఛార్జీ ఆ రోజు 2 గంటలైంది. నడిచి వెళ్లాలన్నా 2 గంటల దారే. కనుక దిగి పరుగెత్తింది, ఆమెకు ఎదురుగా కొడుకు పరుగెత్తాడు, చేతులు అందేసరికి తమరు సున్నాలన్నీ వరుసగా పేర్చి ఉంచారు. లెక్క తప్పలేదు, ఒప్పుకుంటాను.

కాకపోతే, రాత్రికి రాత్రి పెరిగిన ఆ గంట ఏ ఖాతాలో జమైందో దయచేసి తెలియజేయగలరు. తిరుగు టపాకయ్యే నిమిషాలు జతచేశాను.

ఇట్లు,
తమరి ఖాతాదారు కాని ఒక ప్రేక్షకుడు