నీళ్ళు లేని వరద: సైన్స్ ఎక్స్‌పో గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సైన్స్ ఎక్స్‌పో గారికి,

నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం రెండింటికల్లా రమ్మన్నారు, వచ్చాం. "పేరెంట్స్ అందరూ టైముకి రావాలి, లేటయితే గేటు వేసేస్తాం" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు కాబట్టి ఆఫీసులో హాఫ్ డే లీవు పెట్టి మరీ వచ్చాను. ముఖ్య అతిథి గారికి ఆ మెసేజ్ అందినట్టు లేదు. ఆయన కారు గేటు దాటేసరికి పొద్దు వాలిపోయింది. ఫిబ్రవరి నెలాఖరులో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు, ఆ ఎండలో రేకుల షెడ్డు కింద మెడదాకా టైలు బిగించుకుని నిలబడ్డ పిల్లలు "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్" అని బట్టీ పట్టిన మొదటి వాక్యాన్ని ఆఖరి నిమిషంలో "గుడ్ ఈవెనింగ్ సార్"గా మార్చుకోవాల్సి వచ్చింది. ఒకరిద్దరు అక్కడే తడబడ్డారు కూడా. ఆయన రిబ్బన్ కత్తిరించి, ముందు వరసలో నాలుగు బల్లలు చూసి, ఫోటో దిగి, "ఫ్యూచర్ సైంటిస్ట్స్" అనేసి వెళ్ళిపోయారు. సార్‌కి ఇంకో ప్రోగ్రాం ఉందట.

ఇందులో నాకేమీ కోపం లేదండీ. ఈ ఊళ్ళో ముఖ్య అతిథి టైముకొస్తేనే ఏదో తేడా ఉందని అనుమానించాలి. ఎక్స్‌పో ఫీజని విడిగా కట్టించుకున్నందుకు కూడా నేను రాయడం లేదు. పిల్లల బొమ్మల కన్నా "అడ్మిషన్స్ ఓపెన్" ఫ్లెక్సీ నాలుగింతలు పెద్దదిగా ఉన్నందుకూ కాదు, ఉన్న ఒక్క పెద్ద కూలరూ అడ్మిషన్ కౌంటర్ వైపు తిప్పి ఉన్నందుకూ కాదు. నా గొడవల్లా ఒక్క బకెట్ నీళ్ళ గురించి.

మేముండేది సింగ్‌నగర్‌లో. ఊరివాళ్ళకి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు మా అమ్మాయి డాబా మీద కూర్చుని, డ్రోన్ దింపే భోజనం పొట్లాల కోసం ఎదురుచూస్తూ ఒకటే ప్రశ్న అడిగేది. "అమ్మా, కృష్ణ అటుపక్క కదా ఉంది, నీళ్ళు ఇటునుంచి ఎందుకొస్తున్నాయి?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి. పడవ వాళ్ళని అడిగింది, పాల ప్యాకెట్లు పంచడానికి వచ్చిన కుర్రాళ్ళని అడిగింది, వాళ్ళ పనిలో వాళ్ళున్నారు పాపం. ఇప్పుడది తొమ్మిదో తరగతి. సైన్స్ డేకి ప్రాజెక్టు చేయమని మీరు సర్క్యులర్ పంపగానే ఆ పాత ప్రశ్న మళ్ళీ బయటికి తీసింది. ఈసారి ఎవర్నీ అడగలేదు, తనే చేసి చూస్తానంది.

చేసింది కూడా. వరదకి చెడిపోయి మేడమెట్ల కింద పడి ఉన్న మా కూలర్ కింది ట్రే కడిగి తెచ్చుకుంది. బంకమట్టితో గట్లు పోసింది. మందుల షాపులో సెలైన్ సెట్లు కొనిపించింది, వాటి పైపుకి చిన్న చక్రం ఉంటుంది చూశారా, అది అటూ ఇటూ జరిపితే ధార పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక పైపు కృష్ణ, ఒకటి బుడమేరు. మొదట ఇళ్ళకి అగ్గిపెట్టెలు పెట్టింది, అవి నానిపోయి చతికిలబడ్డాయి, తర్వాత సిరప్ సీసాల మూతలు బోర్లించింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్‌కి విరిగిన ప్లాస్టిక్ స్కేలు. ఇంట్లో వారం రోజులు ఎక్కడ చూసినా మట్టే, నేను తిట్టని రోజు లేదు.

ఆ బొమ్మ చెప్పే సంగతి ఇదీ. బుడమేరు అసలు దారి కొల్లేటికి. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, ఆ నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్ళించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణలో ఖాళీ ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా ఉంటుంది. మరి కృష్ణే నిండిపోతే? ఆ సెప్టెంబరులో బ్యారేజీ 70 గేట్లూ ఎత్తాక 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది నీరు. అంత ప్రవాహం ఉన్నప్పుడు కాలువ నీళ్ళు నదిలోకి దిగడానికి చోటెక్కడిది? వెనక్కి తన్నాయి. వెలగలేరు గేట్లు ఎత్తారు, కాలువ గట్టుకి గండ్లు పడ్డాయి, బుడమేరు తన పాత దారి పట్టింది. ఆ దారిలో ఇప్పుడు మేమున్నాం.

మా అమ్మాయి ట్రేలో కృష్ణ చివర ఒక రబ్బరు బిరడా ఉంది. అది సగం మూస్తే చాలు, కాలువలో నీరు కదలడం మానేస్తుంది. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత మెల్లగా వెనక్కి ఎక్కడం మొదలుపెట్టి, గట్టు ఎక్కడ సన్నగా ఉందో వెతుక్కున్నట్టు అక్కడ తడి పైకి తేలి, ఒక సన్న చార, ఆ చారలోంచి చిన్న మట్టిపెళ్ళ, అంతే, సిరప్ మూతల మధ్యకి నీళ్ళు. నేను రోజూ అన్నం గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి చూసేదాన్ని. రెండేళ్ళకి అర్థమైంది నాకు, మా ఇంట్లోకి నీళ్ళు ఎటునుంచి వచ్చాయో.

ఎక్స్‌పో గారూ, ఆ ట్రే ముందురోజు చెకింగ్‌కి తెచ్చినప్పుడు మీ క్యాంపస్ ఇన్‌ఛార్జి ఏమన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. "నీళ్ళెందుకమ్మా? కింద కొత్త కార్పెట్ వేస్తున్నాం. నీళ్ళు తీసేసి బ్లూ పేపర్ అంటించెయ్, సేమ్ లుక్ వస్తుంది." ఆ తర్వాత కాస్త ఆలోచించి, "అయినా వరద అంటే నెగటివ్‌గా ఉంటుంది, పెద్దవాళ్ళు వస్తున్నారు కదా, 'సేవ్ వాటర్' అని టైటిల్ పెట్టుకో" అన్నారట. సైన్స్ టీచరు పక్కనే ఉండి ఏమీ అనలేకపోయారు. బయటికొచ్చాక మాత్రం నాతో "నాకూ తెలుసండీ, కానీ నా చేతిలో ఏముంది" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు.

అసలు ఈ సైన్స్ డే ఎవరి పుణ్యమో మీ స్టేజీ వెనక బ్యానర్ మీదే ఉంది, సి.వి. రామన్ గారి తలపాగా ఫోటోతో సహా. 1928 ఫిబ్రవరి 28న ఆయన తన పరిశోధన ప్రకటించారు కాబట్టి ఈ రోజు. ఆ పరిశోధనకి మూలం ఎక్కడుందయ్యా అంటే 1921లో ఓడ మీద వస్తూ మధ్యధరా సముద్రం చూసి, ఈ నీళ్ళు ఇంత నీలంగా ఎందుకున్నాయని ఆయనకొచ్చిన అనుమానంలో ఉంది. ఆకాశం నీడ పడిందనుకుని ఊరుకోలేదు ఆ మహానుభావుడు. నీళ్ళు ఎందుకు నీలంగా ఉన్నాయని అడిగినాయన పేరు చెప్పుకుని చేసే పండగలో, ఒక పిల్ల దగ్గర్నుంచి నీళ్ళు లాక్కుని నీలం కాగితం చేతికిచ్చావు. సిగ్గనిపించలేదా నీకు?

గారూ గీరూ ఇంక నా వల్ల కాదు.

కొత్త కార్పెట్ అన్నావు కదా, నేను దగ్గర్నుంచి చూశాను. అది టెంట్ హౌస్ వాళ్ళది. మా అమ్మాయి బల్ల కిందనే ఇంత వెడల్పున సాంబారు మరక ఉంది, ఏ పెళ్ళిదో. సాంబారు భరించిన కార్పెట్ బుడమేరుని భరించలేకపోయిందా?

జడ్జీలు వచ్చారు. చేతిలో మార్కుల షీటు, అందులో మొదటి గడి "వర్కింగ్ మోడలా, స్టిల్ మోడలా". మా అమ్మాయి "వర్కింగేనండీ, కానీ నీళ్ళు పోయనివ్వలేదు" అంది. వాళ్ళలో ఒకాయన షీటు మీంచి తల ఎత్తకుండానే "అయితే స్టిల్" అని టిక్కు పెట్టుకున్నాడు. "ఇంగ్లీష్‌లో ఎక్స్‌ప్లెయిన్ చెయ్" అన్నాడు. టైటిల్ సేవ్ వాటర్, బొమ్మలో ఉన్నది గండిపడ్డ కాలువ, నీళ్ళ చోట చార్టు పేపరు. ఏ భాషలో అయినా ఎలా చెప్పాలి అది? పిల్ల నోరు పెగల్లేదు. ప్రెజెంటేషన్‌కి పదికి మూడు.

మొదటి బహుమతి స్మార్ట్ సిటీకి వచ్చింది. ఎల్‌ఈడీ లైట్లు, తిరిగే ఫ్లైఓవరు, గాలిమర, ఫినిషింగ్ చూస్తే కాంట్రాక్టరు కట్టినట్టే ఉంది. స్విచ్ ఎక్కడుందో ఆ అబ్బాయికి దొరక్క వాళ్ళ నాన్న బల్ల కిందికి దూరి వేశాడు. ఆ పిల్లాణ్ణి నేనేమీ అనను, వాడు నిలబడమంటే నిలబడ్డాడు. ఇవన్నీ ఆర్డరిస్తే చేసిపెట్టేవాళ్ళున్నారని నీకు తెలియదా? తెలుసు. తెలిసే కదా ముందు వరసలో పెడతావు, ఫోటోలో బాగా పడుతుందని.

ఇంకో మాట, నీ హాలంతా థర్మాకోల్. చెరువులు థర్మాకోల్, కొండలు థర్మాకోల్, "పర్యావరణాన్ని కాపాడుదాం" అన్న అక్షరాలు కూడా థర్మాకోల్ కోసి అతికించినవే. ఒకసారి మాత్రమే వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది, అలంకరణకి వాడే థర్మాకోల్ ఆ జాబితాలోనే ఉంది. ఏడో తరగతి పిల్లాడొకడు తన కొండకి స్ప్రే పెయింట్ కొట్టబోయాడు, కొండ కళ్ళముందే కరిగి గుంటలు పడింది. నిజానికి ఆ ఎక్స్‌పోలో జరిగిన అసలు సిసలు కెమిస్ట్రీ ప్రయోగం అదే. వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, ఎందుకలా అయిందని అడుగుతున్నాడు, నీ వాలంటీరు మాత్రం "గెస్టులు వస్తున్నారు, తీసెయ్ తీసెయ్" అని దాన్ని స్టేజీ వెనక్కి విసిరేసింది.

ఏడాదంతా నువ్వు ఎక్కడుంటావో కూడా నాకు తెలుసు. టైంటేబుల్‌లో శుక్రవారం ఆఖరి పీరియడ్ "యాక్టివిటీ" అని రాసి ఉంటుంది, అందులో మ్యాథ్స్ సారు ఐఐటీ ఫౌండేషన్ షీటు చేయిస్తాడు. లైబ్రరీకి తాళం. డ్రాయింగ్ సారు రెండేళ్ళ క్రితం మానేశాడు, ఆ పోస్టు ఇప్పటికీ "త్వరలో"నే ఉంది. పిల్లలు చేసి, వెతికి, కనిపెట్టి నేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది, అది 2009 నాటిది. చదువు వేరు, ఆటపాటలు వేరు అని గోడ కట్టొద్దని 2020 విద్యా విధానం చెప్పింది. ఆ విధానం పేరు నీ బ్రోషరులో మొదటి పేజీలోనే బంగారు రంగులో వేశావు. లోపలి పేజీల్లో మాత్రం ర్యాంకులు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను విను. నువ్వు వెళ్ళిపోయాక ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు.

బహుమతులు అయిపోయి, మైకు కట్టేసి, పెద్దలంతా స్నాక్స్ వైపు వెళ్ళాక, ఆరో తరగతి పిల్లలు నలుగురు మా బల్ల దగ్గరికొచ్చారు. ఒకడు "అక్కా, ఇది వర్క్ అవుద్దా?" అన్నాడు. అవుతుంది, నీళ్ళు లేవంది. వాడు భుజానికున్న వాటర్ బాటిల్ తీసి ఇచ్చాడు. పక్కవాడు కూడా ఇచ్చాడు. మా అమ్మాయి ఆ నీలం కాగితం పర్రుమని చింపేసింది. ఆ చప్పుడుకి ఇంకో పదిమంది మూగారు. చక్కటి తెలుగులో, గుక్క తిప్పుకోకుండా, ఇదిగో కృష్ణ, ఇదిగో వెలగలేరు, ఇప్పుడు బిరడా మూస్తున్నా చూడండి అని మొదలుపెట్టింది, మధ్యాహ్నం జడ్జీ ముందు నోరు పెగలని పిల్ల ఇదేనా అనిపించింది నాకు. గట్టు తెగగానే అందరూ ఒక్కసారిగా "ఓ...!" అన్నారు. ఒక చిన్న పాప తన పెన్ను క్యాప్ తీసి సిరప్ మూతల పక్కన పెట్టి, "మా ఇల్లు రాజరాజేశ్వరిపేట, ఇక్కడొస్తుందా?" అంది. వెంటనే పాయకాపురం పిల్లాడొకడు రబ్బరు పెట్టాడు, కండ్రిక నుంచి ఒకళ్ళు షార్ప్‌నర్ పెట్టారు. "మళ్ళీ మళ్ళీ" అన్నారు. మళ్ళీ మట్టి పూడ్చి మళ్ళీ తెంపింది. మట్టి ఇంకాస్త గట్టిగా కొడితే ఏమవుతుంది, కాలువ ఇంకా లోతు చేస్తే ఏమవుతుంది, గేట్లు ముందే ఎత్తితే ఏమవుతుంది అని వాళ్ళే అడుగుతున్నారు, వాళ్ళే చేసి చూస్తున్నారు. స్కూల్లో ఆయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది, ఆవిడదీ వాంబే కాలనీయేనట. "అంతేనమ్మా, ఇట్టాగే వచ్చింది" అంది.

కాబట్టి నిన్ను పూర్తిగా తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు సర్క్యులర్ పంపకపోతే ఆ కూలర్ ట్రే మెట్ల కిందే ఉండేది, ఆ ప్రశ్న డాబా మీదే ఉండిపోయేది. ఆ పదిహేను నిమిషాల కోసమైతే మధ్యాహ్నమంతా ఎండలో కూర్చోబెట్టినా కూర్చుంటాను. కానీ ఆ పదిహేను నిమిషాల్ని కూడా నువ్వు ఆగనిచ్చావా? ఇన్‌ఛార్జి పరిగెత్తుకుంటూ వచ్చి "ఎవరు పోశారు నీళ్ళు, ఎవరు?" అని అరిచాడు, పిల్లలు పెన్ను క్యాపులు కూడా వదిలేసి పారిపోయారు. కార్పెట్ డ్రై క్లీనింగ్‌కి ఐదొందలు కట్టమని ఈ పొద్దున డైరీలో రాసి పంపారు.

కట్టను. సాంబారు మరక ఎవరిదో తేల్చాక మాట్లాడదాం. పార్టిసిపేషన్ సర్టిఫికెట్ మీద మా అమ్మాయి ఇంటిపేరు తప్పు రాశారు, ప్రాజెక్టు పేరు చోట "సేవ్ వాటర్" అని ఉంది, రెండూ దిద్ది ఇవ్వండి. ఆ క్యాపులూ రబ్బరూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఎవరివి వాళ్ళకి సోమవారం అందజేస్తుంది. వచ్చే ఏడాది పదో తరగతి కాబట్టి ప్రాజెక్టులు ఉండవు, స్టడీ అవర్సే అన్నారట. ఉండకపోతే పోయె, మీ గేటు బయట రోడ్డు మీద పెట్టుకుంటాం. బకెట్ మేమే తెచ్చుకుంటాం, తుడిచే గుడ్డ కూడా మాదే.

ఇట్లు,
తొమ్మిదో తరగతి, బి సెక్షన్,
మెట్ల పక్క ఆఖరి బల్ల తాలూకు అమ్మ