పెట్రోలు పండించే కారు

(రాజమహేంద్రవరంలో ఒక పెంకుటింటి ఆవరణ. వేపచెట్టు కింద 1986 నాటి తెల్ల అంబాసిడరు నిలిచి ఉన్నది. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన విశ్వనాథం స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన ఆయన భార్య కామేశ్వరి, వైరులో కరెంటు ఉన్నదో లేదో వెలిగి చూపే టెస్టు ల్యాంపు చేతబట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంత కోపం వచ్చినా పూర్తి వాక్యాలలోనే పోట్లాడుకోవడం ఈ దంపతుల అలవాటు.)

విశ్వనాథం: కామేశ్వరీ, మార్కెట్టు దాకా వెళ్లి వచ్చేసరికి టెంపరేచరు మీటరు ముల్లు మళ్లీ ఎర్రగీతను తాకింది. థర్మోస్టాటు మార్పించాను, రేడియేటరు కడిగించాను, ఫ్యాను బెల్టు కొత్తది వేయించాను. ఇక ఇంజను దింపించడం ఒక్కటే మిగిలి ఉన్నది.

కామేశ్వరి: ఆవిరి రావడం లేదు, రేడియేటరులో నీళ్లు తగ్గడం లేదు, బండి లాగుడులో తేడా లేదు. అటువంటి ఇంజనుకు జ్వరం ఉన్నదని మీరెలా నమ్ముతున్నారండీ? తప్పుడు లెక్క చెబుతున్నది ఆ మీటరు.

విశ్వనాథం: పోనీ, అలాగే అనుకుందాం. అయినా పక్కనున్న పెట్రోలు మీటరు మాత్రం అక్షరాలా నిజమే చెబుతున్నది.

కామేశ్వరి: దానికి ఆధారం?

విశ్వనాథం: పావు ట్యాంకు ఉన్నదని చెబుతున్నది కదా!

కామేశ్వరి: పోయిన నెల కొవ్వూరు పెళ్లికి వెళుతుండగా రోడ్డు కం రైలు వంతెన నడుమ బండి ఆగిపోయినప్పుడు కూడా ఆ ముల్లు పావు ట్యాంకే చూపించింది. 1974లో ఆ వంతెన మొదలైన నాటి నుంచి నేటి వరకు పట్టుచీర కట్టుకుని, చేతిలో చదివింపుల కవరుతో, పెట్రోలు కోసం నడిచిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను.

విశ్వనాథం: ఆనాడు పెట్రోలు అయిపోలేదు. కార్బ్యురేటరులో చెత్త అడ్డుపడింది.

కామేశ్వరి: ఎవరో పుణ్యాత్ముడు సీసాడు పెట్రోలు ఇచ్చి, అది ట్యాంకులో పోయగానే ఆ చెత్త ఎక్కడికి పోయిందో సెలవివ్వండి.

విశ్వనాథం: వంతెన మీద గాలి ఎక్కువ.

కామేశ్వరి: గాలికి కార్బ్యురేటరు శుభ్రపడుతుందని మా శాస్త్రంలో ఎక్కడా లేదు.

విశ్వనాథం: మీ శాస్త్రంలో లేనిది ఇంకొకటి కూడా ఉన్నది, విను. తాళం తిప్పగానే పెట్రోలు ముల్లు ఒక చోట నిలుస్తుంది. ఇంజను స్టార్టు చేసిన కొద్దిసేపటికి ఇంకాస్త పైకి లేస్తుంది. లోకంలోని కార్లన్నీ పెట్రోలు తాగుతుంటే, మన కారు నడుస్తూ పెట్రోలు పండిస్తున్నది.

కామేశ్వరి: ఆ మాట నాకు మొదటే చెప్పి ఉంటే థర్మోస్టాటు డబ్బులైనా మిగిలేవి. బ్యాటరీ ఇచ్చేది సుమారు 12 వోల్టులు. ఇంజను తిరుగుతున్నప్పుడు చార్జింగు వలన అది 14 దాకా పెరుగుతుంది. ముల్లు దానితోపాటు పెరుగుతున్నదంటే అది ట్యాంకును కాదు, బ్యాటరీని కొలుస్తున్నదన్నమాట. అలా జరగకూడదనే ఈ మీటర్లు రెండింటికీ కలిపి డాష్‌బోర్డు వెనక ఒక చిన్న స్టెబిలైజరు పెట్టారు. అందులో వేడికి వంగే జంట లోహాల రేకు ఒకటి కరెంటును తెంపుతూ, కలుపుతూ, సగటున 10 వోల్టులకు సరిపడేటట్టు చూస్తుంది. ఆ రేకు వంగడం మానేస్తే బ్యాటరీ బలమంతా నేరుగా మీటర్ల మీద పడి, రెండు ముళ్లూ ఉండవలసిన చోటు కంటే పైకి పోతాయి.

విశ్వనాథం: ట్యాంకులో తేలుతూ పెట్రోలు మట్టాన్ని మీటరుకు తెలిపే ఫ్లోటును నేను స్పేరు పార్టుల కొట్టు నుంచి కొని తెచ్చి ఉన్నాను. ముందు ట్యాంకు విప్పుదాం.

కామేశ్వరి: ఒక్క పెట్రోలు మీటరే చెడి ఉంటే ఫ్లోటును అనుమానించవచ్చు. అప్పుడైనా ట్యాంకు విప్పకుండానే, ఫ్లోటు దగ్గరి వైరు ఊడదీసి ఒక్క క్షణం బాడీకి తాకించి, ముల్లు నిండుకు లేస్తున్నదో లేదో చూస్తే మీటరు సంగతి తేలిపోతుంది. ఇక్కడ రెండు ముళ్లూ ఒకేసారి, ఒకే దిక్కుకు తప్పుతున్నాయి. అసలు ఈ తేడా ఎప్పటి నుంచి?

విశ్వనాథం: సంక్రాంతి నుంచి. డాష్‌బోర్డుకు లోపలా బయటా నిగనిగలాడేటట్టు రంగు వేయించాను కదా, ఆ మరునాటి నుంచి.

కామేశ్వరి: లోపల కూడానా?

విశ్వనాథం: కళాపోషణ అన్న తరువాత పిసినారితనం పనికిరాదు.

(కామేశ్వరి బ్యాటరీ నెగటివు వైరు తీసి, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, చేతితో తడిమి, మళ్లీ వైరు తగిలించి తాళం తిప్పమంటారు. స్టెబిలైజరు అవుట్‌పుట్ దగ్గర పెట్టిన టెస్టు ల్యాంపు నిలకడగా వెలుగుతుంది.)

విశ్వనాథం: చూశావా! దీపం చక్కగా వెలుగుతున్నది. నీ స్టెబిలైజరు నిక్షేపంగా ఉన్నది.

కామేశ్వరి: అది ఆరుతూ వెలుగుతూ ఉండాలండీ, నిలకడే అక్కడ జబ్బు. రేకును వేడిచేసే తీగచుట్టకు ఎర్తు, అంటే కరెంటు బాడీకి తిరిగి వెళ్లే దారి, ఈ స్టెబిలైజరు డబ్బా నుంచే అందాలి. మీ కళాపోషణ స్క్రూ కింద కూడా అట్టకట్టి ఎర్తును కాజేసింది, అందుకే చుట్ట వేడెక్కడం లేదు, రేకు వంగడం లేదు. ఇదిగో, ఈ వైరుముక్కతో డబ్బాను బాడీకి కలుపుతున్నాను.

(దీపం మిణుకుతుంది. టెంపరేచరు ముల్లు నెమ్మదిగా మధ్యకు దిగి నిలుస్తుంది. పెట్రోలు ముల్లు ఎక్కడా ఆగకుండా దిగి సున్నా మీద వాలుతుంది.)

విశ్వనాథం: కామేశ్వరీ! ఏం చేశావు! నువ్వు చెయ్యి పెట్టేదాకా ఇందులో పావు ట్యాంకు పెట్రోలు ఉన్నది!

కామేశ్వరి: ఇక స్క్రూ కింద రంగు గీకి బిగిస్తే సరిపోతుంది. ఆ స్పీడు మీటరు ముల్లు కూడా 40కీ 70కీ నడుమ ఊగులాడుతున్నది. దానికి కరెంటుతో సంబంధం లేదు, కేబులు ఎండిపోయి ఉంటుంది. గ్రీజు ఇటివ్వండి.

విశ్వనాథం: ఇవ్వను. పార్కులో మిత్రులకు 70 అని చెప్పి ఉన్నాను. దాని జోలికి మాత్రం వెళ్లవద్దు.

కామేశ్వరి: అయితే పెట్రోలు డబ్బా పట్టుకుని బంకుకు బయలుదేరండి. ఎంత వేగంతో నడిచారో మీ మిత్రులకు మీకు తోచిన అంకె చెప్పుకోవచ్చు.