ఏమీ లేని సబ్బు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒక సబ్బు కొన్నాం. 75 గ్రాములు, 380 రూపాయలు. అట్టపెట్టె మీద రాసిందంతా అందులో లేనివాటి జాబితా. పారాబెన్లు లేవు, సల్ఫేట్లు లేవు, సిలికాన్లు లేవు, అన్నిటికంటే లావు అక్షరాల్లో కెమికల్స్ లేవు. మా తాతకి కూడా చివరి రోజుల్లో ఏమీ లేదు. ఆయనకి మాత్రం ఎవరూ ఈ రేటు కట్టలేదు.

బల్ల మీద గోనెగుడ్డ పరిచారు. మా ఊళ్ళో వడ్ల బస్తాలకి వాడేదే, ఇక్కడ ఇస్త్రీ చేసి ఉంది. వెదురుబుట్టలో సబ్బులు, వాటి మీద ఎండు గులాబీ రేకులు, పక్కన క్యూఆర్ కోడు. అమ్మేది బి బ్లాకు మేడమ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, రెండ్రోజుల వర్క్‌షాపుకి వెళ్ళొచ్చి, ప్రకృతిలోకి దిగిన మనిషి.

"ఇది ఎలా చేస్తారండీ?" అనడిగాను.

"గానుగ కొబ్బరినూనె, ఆముదం, గాడిదపాలు. అంతే."

"అంతేనా?"

"కొంచెం లై."

"లై అంటే?"

"అదొక నేచురల్ లిక్విడ్ అండీ. వెనకటికి బూడిదనీళ్ళు ఉండేవి చూడండి, అలాంటిది."

లై అంటే కాస్టిక్ సోడా. కెమిస్ట్రీ మాస్టారి భాషలో సోడియం హైడ్రాక్సైడ్. నూనెలో అది పడితేనే సబ్బు పుడుతుంది, పడకపోతే మేడమ్ అమ్మేది గులాబీ రేకులేసిన కొబ్బరినూనె. కొలత సరిగ్గా ఉంటే చివరికి కాస్టిక్ సోడా మిగలదు, సబ్బూ గ్లిజరినూ మిగులుతాయి. అందులో తప్పేమీ లేదు, సబ్బు పుట్టుకే అంత. పదో తరగతిలో సపోనిఫికేషన్ అని బట్టీపట్టి నాలుగు మార్కులు తెచ్చుకున్నాం కూడా.

"కాస్టిక్ సోడా కెమికలే కదండీ?" అన్నాను.

తద్దినం భోజనాల్లో ఉల్లిపాయ అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు అందరూ. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. మేడమ్ మాత్రం ఓపిగ్గా చెప్పారు. "కెమికల్ అంటే కెమికల్ కాదండీ. హార్ష్ కెమికల్." ఆవిడ చదివింది కెమికల్ ఇంజనీరింగని లిఫ్టులో తెలిసింది.

పక్క బల్ల మీద గాజుసీసాలో 'హెరిటేజ్ ఉబ్టన్'. 100 గ్రాములు 450. మూత తీసి వాసన చూశాను. పెసరపిండి, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నారింజ తొక్కలు. సున్నిపిండండీ బాబూ! మా అమ్మ ఏటా పాత హార్లిక్స్ సీసాలో కూరి పంపేదే. ఆ సీసాలు మూడు మా సింకు కింద కలరా ఉండల పక్కన వరసగా కూచుని, ఏడాదికోసారి దీపావళి పొద్దున్నే బయటికొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాయి. మా ఆవిడ ఉబ్టన్ కొంది. అమ్మకి ఫోన్లో చెబితే, "ఉబ్టనా? ఉబ్బసానికేమన్నా మందట్రా?" అంది.

నేచురల్ అంటే నాకేమీ పగలేదు, ఒంటితో అనుభవించినవాణ్ణి. కుంకుడుకాయలు రాతి మీద చితక్కొట్టి, గింజలేరి, వేణ్ణీళ్ళలో పిసికి, ఆ నురగ నెత్తిన పోసి రుద్దేది అమ్మ. రసం కంట్లో పడితే లోకం ఎర్రబడేది. "ఉప్పు చప్పరించరా" అని నోట్లో రెండు ఉప్పుగల్లులు వేసేది. కంటికీ నోటికీ ఏమిటి సంబంధమో నాకిప్పటికీ అర్థం కాలేదు గానీ, అన్నం వేళకి ఏడుపు ఆగేది. అంత మంట ఏ షాంపూ పెట్టలేదు. గన్నేరుపప్పు కూడా నేచురలే, చెట్టు నుంచి నేరుగా.

సబ్బు గురించి అడగాల్సినవి లేకపోలేదు. సూక్ష్మక్రిముల్ని చంపేస్తాయని సబ్బుల్లో కలిపిన ట్రైక్లోసాన్‌ని, దాంతోపాటు ఇంకో 18 పదార్థాల్ని, 2016లో అమెరికాలో మందులూ ఆహారాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వద్దంది. మామూలు సబ్బూ నీళ్ళకంటే ఇవి మెరుగని కంపెనీలు రుజువు చెయ్యలేకపోయాయి. మన కిరాణాకొట్టు సబ్బు మీదా టీఎఫ్ఎం అని సన్నగా రాసుంటుంది, అంటే అందులో అసలు సరుకు, నూనెల నుంచి వచ్చిన కొవ్వు, ఎంతో. ఒకటో గ్రేడుకి 76 శాతం ఉండాలి. క్లబ్‌హౌస్‌లో ఆ లెక్క ఎవరూ అడగరు. గాడిద ఏ ఊరిదో అడుగుతారు.

380 రూపాయల సబ్బు మూడోరోజుకి పాలకోవా, ఐదోరోజుకి పానకం అయింది. పోనీండి.

మేడమ్ ఇంట్లోనూ మా ఇంట్లోనూ పనిచేసేది ఒకావిడే. ఒకటో తారీఖున జీతం ఇస్తుంటే చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా నాని ఊడిపోయింది. బొటనవేలు నిలువునా పగిలి, ఆ పగుల్లో నలుపు. రోజుకి ఐదిళ్ళ అంట్లు, ఐదిళ్ళ ఫినాయిలు.

"ఏంటమ్మా ఇది?" అంటే, "ఏం గాదు సార్, అలవాటే" అంది. కాస్త ఆగి, "మేడమ్ వాళ్ళింట్ల బాత్రూం కడిగిన్నాడు మాత్రం దగ్గు వస్తది" అంది.

అక్కడ బాత్రూంలో యాసిడ్ పోసి, మరక వదలకపోతే దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లమంటారట. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర్ ఊరి దగ్గర జర్మన్లు శత్రుసైన్యం మీదికి వదిలిన గ్యాసు అదే. దాన్ని ఐదడుగుల గదిలో, వాసన హాల్లోకి రాకుండా తలుపేసి, ఆవిడ చేత పీలిపిస్తున్నాం! కలపొద్దని సీసా వెనక చీమ తలకాయంత ఇంగ్లీషులో ఉంటుంది. చదవగలిగిన కెమికల్ ఇంజనీరు గారు హాల్లో కూచుని గాడిదపాలు కలుపుతుంటారు. సిగ్గుండాలి మనకి. మనకి అనే అంటున్నా, మా బాత్రూంలో యాసిడ్ సీసా కొనుక్కొచ్చింది నేనే. ఒంటికి రాసుకునే సబ్బులో ఏముందో మూడు వెబ్‌సైట్లు చూసే కొంపలో, ఆ సీసా ఎవరి చేతికిస్తున్నామో ఒక్కరోజు చూసుకోలేదు.

సీసా పారేసి, గ్లవ్స్ కొనిచ్చి, ఆ రెండూ ఎప్పుడూ కలపొద్దని ఆవిడకి చెప్పాను. తర్వాత ఆదివారం క్లబ్‌హౌస్‌కి వెళ్ళి మేడమ్‌కీ చెప్పాను. మీ ఇంట్లో కూడా ఒక జత ఉంచండి, 150 రూపాయలే అన్నాను.

"రబ్బరువా, ప్లాస్టిక్‌వా?" అన్నారు మేడమ్.

"చూడలేదండీ."

"ప్లాస్టిక్ అయితే కష్టమండీ. మా ఇంట్లో పూర్తిగా మానేశాం." బల్ల కింద వెతికి, సబ్బులు చదరంగా కోయగా మిగిలిన వంకర ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "ఇది ఇవ్వండి ఆవిడకి. వేప. చేతులకి చాలా మంచిది."